నరసమ్మ నోటు పుస్తకం

హోటలు నరసమ్మ

విజయనగరం జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్ళో బస్సు ఆగే చోట ఒక పాక హోటలు ఉంది. హోటలుకు బోర్డు లేదు. అయినా అందరికీ తెలుసు. అది నరసమ్మ హోటలు.

నరసమ్మకు నలభై ఆరేళ్ళు. తెల్లవారుజామున 4 గంటలకు లేస్తుంది. పొయ్యి ముట్టిస్తుంది. ఇడ్లీ వేస్తుంది. పుణుగులు వేస్తుంది. టీ కాస్తుంది. రాత్రి 9 గంటలకు గిన్నెలు కడిగి తలుపు వేస్తుంది. ఆమె కష్టంతోనే కొడుకు చదువుకున్నాడు. ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు.

నరసమ్మ బాగా లావు మనిషి. "కూర్చుని తింటే ఒళ్ళొస్తాదంటారు. నాను రోజంతా నిలబడే ఉంటాను కదా! నాకెందుకొచ్చింది ఈ ఒళ్ళు?" అని బాధపడేది.

ఊళ్ళో వాళ్ళు ఊరుకునేవారు కాదు. "నరసమ్మ బస్సెక్కితే రెండు టికెట్లు తియ్యాల" అని నవ్వేవారు. నరసమ్మ కూడా వాళ్ళతోపాటు నవ్వేది. రాత్రి పడుకున్నాక ఏడ్చేది.

పడుకున్నా నిద్ర సరిగా పట్టేది కాదు. గట్టిగా గురక పెట్టేది. గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. భర్త సూర్యనారాయణ భయపడి తట్టి లేపేవాడు. షుగరు జబ్బు వచ్చి తొమ్మిదేళ్ళయింది. బి.పి. కూడా ఉంది. మోకాళ్ళు నొప్పులు. నేల మీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

కొడుకు చూశాడు. "అమ్మా, ఇలాగైతే కుదరదు" అన్నాడు. పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు.

కాటా మీద లెక్క

ఆసుపత్రిలో నరసమ్మను కాటా ఎక్కించారు. 108 కిలోలు ఉంది. ఎత్తు కొలిచారు. 150 సెంటీమీటర్లు ఉంది. అంటే ఒకటిన్నర మీటరు.

డాక్టరమ్మ ఒక లెక్క వేసి చూపించింది.

ముందు ఎత్తును ఎత్తుతో గుణించాలి. ఒకటిన్నరను ఒకటిన్నరతో గుణిస్తే 2.25 వస్తుంది. తరువాత బరువును దానితో భాగించాలి. 108ని 2.25తో భాగిస్తే 48 వస్తుంది.

ఈ అంకెను బి.ఎం.ఐ. అంటారు. మన దేశంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇది 23 లోపు ఉండాలి. 25 దాటితే ఊబకాయం అంటారు. నరసమ్మకు 48 ఉంది.

"నరసమ్మగారూ, ఊబకాయం ఒక జబ్బు. అది మీ తప్పు కాదు. తిండి ఒక్కటే కారణం కాదు. పుట్టుకతో వచ్చే గుణం ఉంటుంది. నిద్ర చాలకపోయినా ఒళ్ళు వస్తుంది. కొన్ని మందుల వల్ల కూడా వస్తుంది. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోవాలి. సిగ్గుపడకూడదు" అంది డాక్టరమ్మ.

ఆ మాటకు నరసమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళలో 'నీ తప్పు కాదు' అన్న మాట ఆమె వినడం అదే మొదటిసారి.

ఏమిటీ ఆపరేషను?

నరసమ్మ అంతకుముందు చాలాసార్లు తిండి తగ్గించి చూసింది. నాలుగు కిలోలు తగ్గేది. మళ్ళీ ఆరు కిలోలు పెరిగేది. షుగరు మందులు ఎక్కువ చేసినా షుగరు అదుపులోకి రాలేదు. అందుకే డాక్టర్లు ఆపరేషను గురించి చెప్పారు.

మన పొట్టలో తిండి నిలవ ఉండే సంచిని జీర్ణాశయం అంటారు. అది సాగితే సుమారు ఒక లీటరు పడుతుంది. ఈ ఆపరేషనులో ఆ సంచిలో ఎక్కువ భాగం కోసి తీసేస్తారు. అరటికాయలాగ సన్నటి గొట్టం మాత్రం మిగులుతుంది. అందులో చిన్న టీ గ్లాసుడు పడుతుంది. కొంచెం తినగానే కడుపు నిండుతుంది. ఆకలి కూడా తగ్గుతుంది. ఇంకో రకం ఆపరేషనులో పేగును మళ్ళించి జీర్ణాశయం పైభాగానికి కలుపుతారు. ఎవరికి ఏ రకం మంచిదో డాక్టర్లు చూసి చెబుతారు.

పెద్ద కోత ఉండదు. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు చేసి, సన్నటి కెమెరా పెట్టి చేస్తారు.

లావుగా ఉన్న ప్రతివాళ్ళకూ ఈ ఆపరేషను అక్కరలేదు. సాధారణంగా బి.ఎం.ఐ. 35 దాటినవాళ్ళకు దీని గురించి ఆలోచిస్తారు. షుగరులాంటి జబ్బులుంటే అంతకంటే తక్కువకే ఆలోచిస్తారు. అన్ని ఆసుపత్రుల్లోనూ ఇది చెయ్యరు. ఖర్చు ఎంతో, ఇన్సూరెన్సు వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

"ఆపరేషను సగం పనే చేస్తుంది. మిగతా సగం మీరు చెయ్యాలి. ఆ సగం ఆపరేషనుకు ముందే మొదలుపెట్టాలి" అంది డాక్టరమ్మ. తరువాత అడిగింది.

"మీకు సిగరెట్టు అలవాటు ఉందా?"

"ఓలమ్మ! లేదమ్మా" అంది నరసమ్మ.

"సారా, కల్లు?"

"లేదమ్మా."

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. సెప్టెంబరు చివర ఆపరేషను అని తేదీ ఇచ్చింది.

నోరు చెప్పిన నిజం

నరసమ్మ అబద్ధం చెప్పలేదు. సిగరెట్టు ఆమె ఎప్పుడూ కాల్చలేదు. కానీ ఆమెకు చుట్ట అలవాటు ఉంది.

ఉత్తరాంధ్రలో పాతతరం ఆడవాళ్ళు చాలామంది చుట్ట కాల్చేవారు. ఇప్పటికీ కొందరు కాలుస్తారు. వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. నరసమ్మకు పద్నాలుగో ఏట అమ్మమ్మ నేర్పింది. పంటి నొప్పికి మంచిదని ఇచ్చింది. అప్పటినుంచీ నరసమ్మ మానలేదు. పనంతా అయ్యాక పెరట్లో కూర్చుని కాల్చేది. కోడలికి కూడా తెలియకుండా కాల్చేది.

సెప్టెంబరులో పరీక్షలన్నీ చేశారు. రక్తం తీశారు. గుండె పరీక్ష చేశారు. చివరికి మత్తు డాక్టరు దగ్గరికి పంపారు. ఆపరేషనుకు మత్తు ఇచ్చే డాక్టరు ఆయన. మత్తులో ఉన్నప్పుడు ఊపిరి కోసం గొంతులో గొట్టం వేస్తారు. అందుకని ముందుగా నోరు చూస్తారు.

"నోరు బాగా తెరవండమ్మా" అన్నాడాయన. టార్చిలైటు వేసి చూశాడు. నోటి పైభాగాన్ని అంగిలి అంటారు. నరసమ్మ అంగిలి తెల్లగా పాలిపోయి ఉంది. తెలుపు మీద ఎర్రటి చుక్కలు ఉన్నాయి.

"అమ్మా, మీరు అడ్డపొగ కాలుస్తారా?" అని మెల్లగా అడిగాడు.

నరసమ్మ తల వంచుకుంది. కొడుకు ఆశ్చర్యంగా తల్లి వైపు చూశాడు.

ఆపరేషను వాయిదా పడింది. "చుట్ట పూర్తిగా మానాలి. మానాక కనీసం ఆరు వారాలు గడవాలి. అప్పుడే మళ్ళీ తేదీ" అన్నారు డాక్టర్లు. అంగిలి చూపించుకోమని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన పరీక్ష చేయించి, క్యాన్సరు కాదన్నాడు. "కానీ మానకపోతే క్యాన్సరుకి దారి ఇదే. ఏటా వచ్చి చూపించుకోండి" అని చెప్పాడు.

బస్సులో నరసమ్మకు కోపం వచ్చింది. "చుట్టకీ పొట్ట ఆపరేషనుకీ ఏటి సంబంధం? లావుగా ఉన్నానని అందరికీ నాను లోకువ" అంది. కొడుకు మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడమే ఆమెకు ఎక్కువ బాధ వేసింది.

గౌరి ఇచ్చిన సలహా

నరసమ్మ చిన్నప్పుడు బడికి వెళ్ళలేదు. ఊళ్ళో రాత్రిపూట చదువుల కేంద్రం పెట్టినప్పుడు చేరింది. ఏడాదిలో చదవడం, రాయడం నేర్చుకుంది. అక్కడ చదువు చెప్పే అమ్మాయి పేరు గౌరి. గౌరి నరసమ్మను 'పిన్నీ' అని పిలుస్తుంది.

ఆ రాత్రి నరసమ్మ గౌరి దగ్గర తన బాధ చెప్పుకుంది.

గౌరి అంతా వింది. "పిన్నీ, రోజుకి ఎన్ని చుట్టలు కాలుస్తావు?" అని అడిగింది.

"ఒకటో, రెండో."

"టీలు ఎన్ని తాగుతావు?"

"మూడో, నాలుగో. లెక్కెవరు పెట్టారే?"

"లెక్క నువ్వే పెట్టు. హోటల్లో అప్పులు రాయడానికి నోటు పుస్తకం కొన్నావు కదా. అందులో వెనకవైపు ఇదీ రాయి. ఎవరికీ చూపించక్కరలేదు. నీ కోసం రాసుకో" అంది గౌరి.

మర్నాడు నరసమ్మ రాసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసింది.

'సోమవారం. టీలు 8. పుణుగులు లెక్క లేదు. కూల్‌డ్రింకు 1. నొప్పి బిళ్ళలు 2. చుట్టలు 4. రాత్రి అన్నం 10 గంటలకి.'

రాసింది తనే చదువుకుంది. నమ్మలేకపోయింది. ఇంతకాలం డాక్టరుకే కాదు, తనకు తాను కూడా అబద్ధం చెప్పుకుందని నరసమ్మకు అప్పుడు తెలిసింది.

చుట్ట ఎందుకు మానాలి?

వారం తరువాత నరసమ్మ నోటు పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ఈసారి భర్తను తోడు తీసుకువెళ్ళింది. పుస్తకం డాక్టరమ్మ చేతిలో పెట్టింది. డాక్టరమ్మ ప్రతి పేజీ చదివింది. కోప్పడలేదు.

"ఇప్పుడు మనం వైద్యం మొదలుపెట్టవచ్చు" అంది. "చుట్టకీ ఆపరేషనుకీ సంబంధం ఏమిటని కదా మీ అనుమానం? చెబుతాను వినండి."

మన రక్తం ప్రాణవాయువును ఒళ్ళంతా మోస్తుంది. పొగలో ఒక విషవాయువు ఉంటుంది. అది రక్తంలో ప్రాణవాయువు కూర్చునే చోట తాను కూర్చుంటుంది. దానివల్ల గుండెకు, గాయానికి ప్రాణవాయువు సరిగా అందదు. పొగాకులో ఉండే నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. అందువల్ల కుట్లు త్వరగా మానవు. చీము పట్టవచ్చు.

పొగ వల్ల ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. మత్తు ఇచ్చాక అది ప్రమాదం. నిమోనియా రావచ్చు. కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఆపరేషను తరువాత కూడా పొగ తాగితే జీర్ణాశయంలో పుండు పడుతుంది. పుండు నుంచి రక్తం కారవచ్చు. అందుకే ఆపరేషను అయ్యాక కూడా చుట్ట ముట్టకూడదు.

ఏ ఆపరేషనుకైనా ఇదే మాట. ఆపరేషనుకు నాలుగు వారాల ముందే పొగాకు మానితే ప్రమాదాలు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మాని ఎన్ని వారాలు గడిస్తే అంత మంచిది. బరువు తగ్గించే ఆపరేషనుకు కనీసం ఆరు వారాలు ముందే మానాలంటారు.

చుట్ట, బీడీ, సిగరెట్టు మాత్రమే కాదు. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ, పొగాకు పళ్ళపొడి కూడా మానాలి. వాటిలోనూ నికోటిన్ ఉంటుంది.

సూర్యనారాయణ ఇదంతా విన్నాడు. తన జేబులోని బీడీ కట్టను మెల్లగా లోపలికి తోశాడు.

నొప్పి బిళ్ళలు

డాక్టరమ్మ పుస్తకంలో ఇంకో మాట మీద వేలు పెట్టింది. "రోజూ రెండు నొప్పి బిళ్ళలా? ఎవరు రాసిచ్చారు?"

"మందుల షాపులో అడిగితే ఇచ్చినారమ్మా. మోకాళ్ళకి. నాలుగేళ్ళనుంచీ ఏసుకుంటున్నాను."

నొప్పి బిళ్ళలు చాలావరకు జీర్ణాశయం లోపలి పొరను దెబ్బతీస్తాయి. పుండు పడుతుంది. మూత్రపిండాలు కూడా పాడవుతాయి. షుగరు ఉన్నవాళ్ళకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఆపరేషను తరువాత జీర్ణాశయం చిన్నదైపోతుంది. అప్పుడు ఈ బిళ్ళలు ఇంకా ప్రమాదం. నొప్పికి ఏ మందు వాడాలో డాక్టరు చెబుతారు. షాపులో అడిగి కొనుక్కోకూడదు.

కొవ్వు కరిగించే పొడులు, పసరు మందులు వాడుతుంటే అదీ చెప్పాలి. షుగరు మందులు మాత్రం మనంతట మనం మానకూడదు. తిండి తగ్గినప్పుడు షుగరు మరీ పడిపోవచ్చు. కళ్ళు తిరగవచ్చు. చెమటలు పట్టవచ్చు. అందుకని ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

గురక సంగతి కూడా దాచకూడదు. నిద్రలో ఊపిరి ఆగుతుంటే మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. నరసమ్మకు ఆపరేషనుకు ముందు కొన్ని వారాలు రాత్రిపూట మిషను పెట్టారు. అది ముక్కులోకి గాలి ఊదుతుంది. చాలా ఏళ్ళ తరువాత నరసమ్మ హాయిగా నిద్రపోయింది.

ఎనిమిది టీల లెక్క

హోటల్లో టీకి గ్లాసుకు రెండు చెంచాల పంచదార వేస్తారు. చెంచాకు 5 గ్రాములు. అంటే గ్లాసుకు 10 గ్రాములు. ఎనిమిది గ్లాసులకు 80 గ్రాములు. నెలకు 2,400 గ్రాములు. అంటే దగ్గర దగ్గర రెండున్నర కిలోల పంచదార!

గౌరితో కలిసి ఈ లెక్క వేశాక నరసమ్మ నోట మాట రాలేదు. "షుగరు జబ్బుకి బిళ్ళలేసుకుంటా, ఇంకోపక్క పంచదార పోస్తున్నానా!" అంది.

ఆమె ఒక్కసారిగా మానలేదు. మొదటి వారం ఆరు టీలు. రెండో వారం నాలుగు. తరువాత చెంచా తగ్గించింది. నెల గడిచేసరికి పంచదార లేని టీ రెండు పూటలా తాగడం అలవాటైంది. కూల్‌డ్రింకు పూర్తిగా మానేసింది. అందులో పంచదార ఎక్కువ. పైగా గ్యాసు ఉంటుంది. చిన్నబడిన జీర్ణాశయం ఆ గ్యాసును తట్టుకోలేదు.

తినే పద్ధతి కూడా మార్చాలన్నారు. నరసమ్మ ఉదయం ఏమీ తినేది కాదు. టీతోనే గడిపేది. బేరం తగ్గాక మిగిలిన పుణుగులు తినేది. "పారెయ్యలేక తినడమే" అనేది. రాత్రి 10 గంటలకు కంచం నిండా అన్నం తిని వెంటనే పడుకునేది.

ఇప్పుడు ఉదయం 8 గంటలకు రెండు ఇడ్లీలు, గుడ్డు తింటుంది. మధ్యాహ్నం అన్నం తగ్గించి పప్పు, కూర పెంచింది. రాత్రి 7 గంటలకే తినేస్తుంది. పుణుగులు మిగలకుండా పిండి తగ్గించి కలుపుతోంది. మిగిలితే ఎవరికైనా ఇచ్చేస్తుంది. "నా పొట్ట చెత్తబుట్ట కాదు" అని కోడలితో చెప్పింది.

ఇంకో అలవాటు కూడా నేర్చుకుంది. ముద్దను మెత్తగా అయ్యేవరకు నమలాలి. ఇరవైసార్లు నమలాలి. తింటూ నీళ్ళు తాగకూడదు. తిన్న అరగంట తరువాత తాగాలి. ఆపరేషను అయ్యాక ఇది తప్పనిసరి. అప్పుడు గబగబా తింటే వాంతి అవుతుంది. అందుకే ముందునుంచే అలవాటు చేసుకోవాలి.

రోజూ సాయంత్రం చెరువు గట్టు మీద నడవడం మొదలుపెట్టింది. మొదటిరోజు చింతచెట్టు దాకా నడిచి ఆయాసపడింది. నెలన్నరకు గట్టు చివరిదాకా వెళ్ళి రాగలిగింది.

సిరిమాను పండగ రోజు

అన్నిటికంటే కష్టం చుట్టే. మొదటి మూడు రోజులు నరసమ్మకు చేతులు వణికాయి. తలనొప్పి వచ్చింది. అందరి మీదా చిరాకు పడింది. గిన్నె విసిరింది. ఇది పొగాకు మానినవాళ్ళకు మామూలే. మొదటి వారం ఎక్కువగా ఉంటుంది. మూడు నాలుగు వారాలకు చాలావరకు తగ్గుతుంది. కాల్చాలన్న కోరిక వచ్చినా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు దాటించాలి. నరసమ్మ సోంపు నమిలేది. మంచినీళ్ళు తాగేది. లేచి నాలుగడుగులు వేసేది.

పదకొండు రోజులు గడిచాయి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం వచ్చింది. నరసమ్మ చుట్టాలింటికి వెళ్ళింది. పెద్దమ్మలు, అత్తలు పెరట్లో కూర్చున్నారు. చుట్టలు వెలిగించారు. "ఒక్కటి కాలిస్తే ఏటైపోద్దే?" అని చేతికిచ్చారు. నరసమ్మ కాల్చింది.

ఆ రాత్రి పుస్తకం తెరిచి చాలాసేపు కూర్చుంది. రాయకపోతే ఎవరికీ తెలియదు. గౌరికి తెలియదు. డాక్టరమ్మకు తెలియదు. అయినా రాసింది.

'మంగళవారం. చుట్ట 1. సిగ్గుగా ఉంది.'

మర్నాడు గౌరికి చూపించింది. "పదకొండు రోజులు బూడిదలో పోసినట్టయింది" అంది.

"పోలేదు పిన్నీ. పదకొండు రోజులు మానగలిగావు. మళ్ళీ మానగలవు. ఈ రోజు ఒకటి అని రాయి" అంది గౌరి.

ఇంటికి వచ్చేసరికి సూర్యనారాయణ బీడీ కాలుస్తున్నాడు. నరసమ్మ బీడీ కట్ట చేతిలోకి తీసుకుంది. దాని కాగితం మీద ఒక ఫోను నంబరు అచ్చువేసి ఉంది. అక్షరాలు ఆమెకు రానివి. అంకెలు మాత్రం తెలిసినవే. 1800-11-2356. ఒక్కొక్క అంకె చదివింది. గౌరిని అడిగింది. అది పొగాకు మానాలనుకునేవాళ్ళకు సాయం చేసే ప్రభుత్వ నంబరు. ఫోను చేస్తే డబ్బులు పడవు.

"మావా, ఈ నంబరు ఇన్నాళ్ళూ నీ జేబులోనే ఉంది. ఇద్దరం కలిసి ఒగ్గేద్దాం" అంది నరసమ్మ.

సూర్యనారాయణ పూర్తిగా మానలేదు. కానీ ఇంట్లో కాల్చడం మానేశాడు. నరసమ్మ మాత్రం ఆ రోజు తరువాత చుట్ట ముట్టలేదు.

అరిసెలు వండింది, తినలేదు

డాక్టర్లు జనవరి చివర తేదీ ఇచ్చారు. ఆపరేషనుకు రెండు వారాల ముందునుంచి వేరే తిండి తినాలన్నారు. అన్నం, పంచదార, నూనె బాగా తగ్గించాలి. గుడ్డు తెల్లసొన, పప్పునీళ్ళు, మజ్జిగ, కూరముక్కలు తీసుకోవాలి.

ఎందుకంటే ఊబకాయం ఉన్నవాళ్ళకు కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. కాలేయం పెద్దదై జీర్ణాశయం మీద కప్పినట్టు ఉంటుంది. డాక్టరుకు లోపల దారి కనబడదు. ఈ తిండి తింటే రెండు వారాల్లోనే కాలేయం చిన్నదవుతుంది. ఆపరేషను సులువవుతుంది.

ఆ రోజుల్లోనే సంక్రాంతి వచ్చింది. నరసమ్మ అరిసెలు వండింది. మనవలకు పెట్టింది. తను ఒక్కటీ తినలేదు. ఆ రాత్రి పుస్తకంలో 'అరిసెలు 0' అని రాసింది. ఆ సున్నా చుట్టూ ఇంకో సున్నా చుట్టింది.

ఆపరేషను ముందురోజు కాటా ఎక్కించారు. 99 కిలోలు. తొమ్మిది కిలోలు తగ్గింది. చుట్ట మాని మూడు నెలలు దాటింది. మత్తు డాక్టరు మళ్ళీ నోరు చూశాడు. అంగిలి మీద తెలుపు చాలా తగ్గింది. ఆయన నవ్వాడు. ఏమీ అడగలేదు.

ఆ తరువాత

ఆపరేషను బాగా జరిగింది. మొదట ద్రవాలే తాగింది. తరువాత మెత్తగా మెదిపిన తిండి. ఆ తరువాత మామూలు తిండి, కొంచెం కొంచెంగా. రోజూ విటమిను బిళ్ళలు వేసుకుంటోంది. అవి జీవితాంతం వేసుకోవాలి. పరీక్షలకు వెళుతూ ఉండాలి. కొన్ని నెలలు జుట్టు రాలింది. మళ్ళీ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

నాలుగు నెలలకు 81 కిలోలకు వచ్చింది. షుగరు బిళ్ళలు తగ్గించారు. ఇప్పుడు నేల మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తుంది.

ఊళ్ళో ఒకామె అడిగింది. "నరసమ్మప్పా, ఆపరేషనుతో ఒళ్ళంతా కరిగిపోయింది. ఇంక ఏటి తిన్నా ఫరవాలేదు కదా?"

"అదేం లేదమ్మా. పాత అలవాట్లు వస్తే పాత ఒళ్ళూ వస్తాది. డాక్టరమ్మ పొట్ట కోసింది గానీ, అలవాట్లని కోసుకున్నది నానే" అంది నరసమ్మ.

ఆమె హోటల్లో ఇప్పుడు రెండు రకాల టీ దొరుకుతుంది. ఒకటి పంచదారతో. ఒకటి పంచదార లేకుండా. ఆ సంగతి పలక మీద ఆమె చేత్తోనే రాసి, బయట వేలాడదీసింది.

గుర్తుంచుకోండి

1. డాక్టరు దగ్గర ఏ అలవాటూ దాచకూడదు. అడగకపోయినా మనమే చెప్పాలి.
2. ఏ ఆపరేషనుకైనా కనీసం నాలుగు వారాల ముందు పొగాకు మానాలి. బరువు తగ్గించే ఆపరేషనుకు ఆరు వారాల ముందే మానాలి. తరువాత కూడా ముట్టకూడదు.
3. కల్లు, సారా, బ్రాందీ మానాలి. ఈ ఆపరేషను తరువాత మత్తు త్వరగా ఎక్కుతుంది. మళ్ళీ అలవాటయ్యే ప్రమాదం ఉంది.
4. నొప్పి బిళ్ళలు సొంతంగా కొని వేసుకోకూడదు. షుగరు మందులు సొంతంగా మానకూడదు.
5. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ఈ ఆపరేషను తరువాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు ఆగాలి.
6. ఒకరోజు తప్పినా నిరాశపడకూడదు. మర్నాడు మళ్ళీ ఒకటి నుంచి లెక్క పెట్టాలి.

కొత్త మాటలు

ఊబకాయం, జీర్ణాశయం, కాలేయం, అంగిలి, ప్రాణవాయువు, వాయిదా

ఆలోచించి చెప్పండి

1. నరసమ్మ డాక్టరుకు చుట్ట సంగతి ఎందుకు చెప్పలేదు?
2. లావుగా ఉన్నవాళ్ళను చూసి నవ్వితే వాళ్ళకు ఏం జరుగుతుంది?
3. సిరిమాను రోజు రాత్రి నరసమ్మ పుస్తకంలో రాయకపోయి ఉంటే ఏమయ్యేది?
4. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికి ఏ పొగాకు అలవాటు ఉంది? మానడానికి మీరు ఎలా సాయం చెయ్యగలరు?

లెక్క చెయ్యండి

1. నరసమ్మ ఎత్తు ఒకటిన్నర మీటరు. ఇప్పుడు బరువు 81 కిలోలు. 81ని 2.25తో భాగించండి. ఆమె బి.ఎం.ఐ. ఎంత?
2. మీరు రోజుకు ఎన్ని టీలు తాగుతారు? నెలకు ఎంత పంచదార అవుతుంది?

రాయండి

మీ నోటు పుస్తకంలో ఈ రోజు తిన్నవి, తాగినవి అన్నీ రాయండి. ఏదీ దాచకుండా రాయండి. ఏడు రోజులు రాశాక, ఒకసారి చదువుకోండి.